పిల్లల జలుబు: ఇంటి మందు, ఊపిరి లెక్క

(సాయంత్రం చదువుల కేంద్రంలో తల్లులతో చేసిన ప్రసంగం)



పొద్దంతా పత్తి ఏరి వచ్చారు. ఇంటికి వెళ్ళి పొయ్యి రాజేసి, అందరికీ అన్నం పెట్టారు. మళ్ళీ పుస్తకం పట్టుకుని ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. కొందరి ఒళ్ళో చంటిపిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి ముక్కు కారుతూనే ఉంది. ఇందాక ఒక పాప తుమ్మింది. పక్కనున్న అవ్వ "చిరంజీవ" అంది. అందుకే ఈ పూట పాఠం జలుబు గురించి.

జలుబు చిన్న జబ్బే. చాలాసార్లు దానంతట అదే పోతుంది. కాని ఎప్పుడో ఒకసారి పసిపిల్లల్లో ఆ జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఇంట్లో తగ్గే జలుబు? ఏది ఆసుపత్రికి పోవాల్సిన జబ్బు? ఈ తేడా తల్లికి తెలియాలి. తెలిస్తే ఊరికే భయపడక్కర్లేదు. ఊరికే డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ఆలస్యం చేసి ఏడవాల్సిన పనీ ఉండదు.

ముందుగా ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. ఇది ఏ ఊళ్ళోనైనా, ఏ ఇంట్లోనైనా జరిగేదే.

ఒక ఇల్లు, ఇద్దరు పిల్లలు

ఆ ఇంట్లో అత్తా కోడలూ ఉంటారు. పిల్లల నాయన లారీ మీద పని చేస్తాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. కోడలికి ఇద్దరు పిల్లలు. పెద్దది పాప, మూడేళ్ళది. చిన్నవాడు బాబు, ఎనిమిది నెలలవాడు.

చలి మొదలైన రోజుల్లో పాపకు జలుబు చేసింది. ముక్కు నీళ్ళలా కారుతోంది. తుమ్ములు, కొంచెం దగ్గు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. తిండి సరిగా తినడం లేదు.

"మొన్న అరటిపండు పెట్టావు. అందుకే చేసింది" అంది అత్త.

"నిన్న తలంటు పోశాం. అందుకేనేమో" అనుకుంది కోడలు.

రెండూ కారణాలు కావు. జలుబు కంటికి కనపడని క్రిముల వల్ల వస్తుంది. వీటిని వైరస్‌లు అంటారు. జలుబు ఉన్న మనిషి తుమ్మినా, దగ్గినా ఆ తుంపర్లలో క్రిములు బయటికి వస్తాయి. చేతులకు అంటుకుంటాయి. ఆ చేతులతో బిడ్డ ముఖం తుడిస్తే బిడ్డకు అంటుకుంటాయి. చలికాలంలో తలుపులు మూసుకుని అందరం ఒక్కచోటే పడుకుంటాం. అప్పుడు ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతుంది.

ఆ ఇంట్లోనూ అదే జరిగింది. కోడలు తన కొంగుతో పాప ముక్కు తుడిచింది. అదే కొంగుతో తన చెమట తుడుచుకుంది. అదే కొంగుతో బాబు మూతి తుడిచింది. మూడో రోజుకు బాబుకు కూడా ముక్కు కారడం మొదలైంది.

చిన్న పిల్లలకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు చేయడం మామూలే. అందుకని తల్లి సరిగా చూడలేదని ఎవరూ అనకూడదు. తల్లి కూడా అలా అనుకోకూడదు.

అత్త చేసిన వైద్యం

"జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు" అని పెద్దలు నవ్వుతూ అంటారు. అది నిజమే. జలుబు క్రిమిని చంపే మందు లేదు. వారం పది రోజుల్లో ఒళ్ళే దాన్ని గెలుస్తుంది. అంతదాకా బిడ్డకు బాధ తగ్గించాలి. ముక్కు ఆడేలా చూడాలి. తిండి, పాలు, నీళ్ళు లోపలికి పోయేలా చూడాలి. ఇంటి వైద్యం చేసే పని ఇదే.

అత్త పాపను తన పక్కన పడుకోబెట్టుకుంది. ఆమె ఏమేం చేసిందో చూడండి.

గ్లాసు నీళ్ళలో నాలుగైదు తులసి ఆకులు వేసి మరగబెట్టింది. గోరువెచ్చగా అయ్యాక చెంచా చెంచాగా తాగించింది. అన్నంలోకి పలచటి చారు కాచింది. ఒకటి రెండు మిరియాలు దంచి అందులో వేసింది. కారం ఎక్కువ కాకుండా చూసింది. రాత్రి గోరువెచ్చని పాలలో చిటికెడు పసుపు కలిపి ఇచ్చింది. దగ్గు వస్తుంటే పడుకునే ముందు అర చెంచా తేనె నాకించింది.

ఇవన్నీ మంచివే. వేడి ద్రవాలు గొంతుకు హాయినిస్తాయి. ముక్కులో, గొంతులో చీమిడిని పలచబరుస్తాయి. తేనె గొంతు మీద పూతలా నిలిచి రాత్రి దగ్గును తగ్గిస్తుంది. పాప నిద్రపోతుంది. నిద్ర పడితే ఒళ్ళు తొందరగా కోలుకుంటుంది.

అయితే ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఒక రకం సూక్ష్మజీవులు ఉండవచ్చు. పెద్దవాళ్ళ కడుపు వాటికి తట్టుకుంటుంది. పసిబిడ్డ పేగులు తట్టుకోలేవు. బిడ్డ ఒళ్ళు వాలిపోయి, పాలు పీల్చలేని జబ్బు రావచ్చు.

అత్త తేనె సీసా తీసుకుని బాబు దగ్గరికి కూడా వచ్చింది. కోడలు ఆపింది.

"అత్తా, పాపకు పెట్టు. వాడికి ఏడాది నిండలేదు. వద్దు."

"నా పిల్లలందరికీ నాకించాను గదే" అంది అత్త.

"నీ పిల్లలకు ఏం కాలేదు, నిజమే. కాని పది మందిలో ఎవరికి వస్తుందో ముందు తెలియదు గదా అత్తా."

అత్త సీసాకు మూత పెట్టింది.

బాబుకు ఏం చేశారు?

బాబుకు ముక్కు బిగుసుకుంది. రొమ్ము నోట్లో పెట్టుకుంటాడు. రెండు గుక్కలు తాగుతాడు. ఊపిరాడక వదిలేసి ఏడుస్తాడు. పసిబిడ్డ పాలు తాగేటప్పుడు ముక్కుతోనే ఊపిరి తీయాలి. ముక్కు మూసుకుంటే పాలు తాగలేడు. అందుకే ముందు ముక్కు శుభ్రం చేయాలి.

దీనికి ఉప్పు నీళ్ళ చుక్కలు చాలు. చేసే పద్ధతి ఇది:

1. గ్లాసు నీళ్ళు బాగా మరగబెట్టి చల్లార్చాలి.
2. టీ చెంచాతో అర చెంచాకు తక్కువగా ఉప్పు వేసి కలపాలి. నాలుక మీద వేసి చూడాలి. కన్నీళ్ళంత ఉప్పగా ఉంటే సరి. అంతకన్నా ఉప్పగా ఉంటే మళ్ళీ మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు కలపాలి.
3. ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేయాలి. కాసేపు ఆగాలి.
4. మెత్తని శుభ్రమైన నూలు గుడ్డను వత్తిలా పేని, ముక్కు అంచున ఉన్న చీమిడిని తీయాలి. వత్తిని లోతుగా దూర్చకూడదు.
5. తర్వాత పాలు ఇవ్వాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే. మిగిలితే పారబోయాలి.

కోడలు పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఈ చుక్కలు వేసింది. తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పాలిచ్చింది. జలుబు చేసిన బిడ్డకు తల్లిపాలు మానకూడదు. "తల్లి చల్లనివి తిన్నది, పాలు చలవ చేస్తాయి" అని పాలు ఆపేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. తల్లిపాలలోనే జబ్బును ఎదిరించే బలం ఉంది.

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. నీళ్ళు, ఉగ్గు, ఆముదం, వస, తులసి రసం ఏవీ వద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు పాలతో పాటు పలచటి గంజి, పప్పుకట్టు, మెత్తని అన్నం కొద్దికొద్దిగా పెట్టవచ్చు.

జబ్బు తగ్గాక కూడా రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా తినిపించాలి. అప్పుడే తగ్గిన బరువు మళ్ళీ వస్తుంది.

చేయకూడని పనులు

ఇంటి వైద్యంలో మంచివి ఉన్నాయి. హాని చేసేవీ ఉన్నాయి. రెండింటినీ వేరు చేసుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుకోవాలి.

ముక్కులో, చెవిలో నూనె పోయకూడదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే కొత్త జబ్బు తెస్తుంది.

పసిబిడ్డకు కర్పూరం రాయకూడదు. కర్పూరం కలిపిన నూనె వద్దు. ఘాటు బాములు రెండేళ్ళు నిండని పిల్లలకు వద్దు. కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు ఫిట్సు వస్తాయి. అందుకే కర్పూరం బిళ్ళలను పిల్లల చేతికి అందకుండా పెట్టాలి.

మరిగే నీళ్ళ గిన్నె మీద చిన్న పిల్లను వంచి ఆవిరి పట్టకూడదు. పిల్ల కదిలితే గిన్నె ఒలుకుతుంది. జలుబు కోసం పోయి ఒళ్ళు కాల్చుకున్నట్టు అవుతుంది.

బిడ్డ పడుకున్న గదిలో సాంబ్రాణి పొగ వద్దు. కట్టెల పొయ్యి దగ్గర బిడ్డను పడుకోబెట్టవద్దు. తాత చుట్ట, నాయన బీడీ ఇంటి బయటే. పొగ పసి ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది.

చలికి తలకు టోపీ పెట్టండి, గుడ్డ కప్పండి. కాని జ్వరం ఉన్న బిడ్డకు దుప్పటి మీద దుప్పటి కప్పకూడదు. పలచటి బట్ట వేసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒళ్ళు తుడవాలి.

ఇక దుకాణం మందుల సంగతి. "దగ్గు మందు ఇవ్వండి" అని అడగ్గానే దుకాణంలో ఒక సీసా చేతిలో పెడతారు. పసిపిల్లలకు ఈ దగ్గు మందుల వల్ల మేలు తక్కువ, ప్రమాదం ఎక్కువ. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. వాళ్ళ తల్లులు కూడా జలుబు, దగ్గు తగ్గాలనే ఆ మందు పోశారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సూచన చేసింది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దంది. ఐదేళ్ళ లోపు పిల్లలకు కూడా మామూలుగా అవి అక్కర్లేదని చెప్పింది. కాబట్టి డాక్టరు చూసి చెప్పకుండా ఏ సీసా కొనవద్దు. పోయినసారి మిగిలిన మందు ఈసారి పోయవద్దు. పెద్దపిల్లకు ఇచ్చిన మందు చిన్నవాడికి పోయవద్దు.

గోడ మీద మూడు అంకెలు

పాపకు ఐదో రోజుకు జ్వరం లేదు. ఏడో రోజుకు వాకిట్లో ఆడుకుంటోంది. అత్త వైద్యం పనిచేసింది.

బాబు సంగతి అలా కాలేదు. వాడికి జలుబు చేసిన నాలుగో రోజు రాత్రి ఒళ్ళు కాలిపోయింది. రొమ్ము పట్టడం లేదు. మూలుగుతున్నాడు. ముక్కు శుభ్రం చేసినా ఊపిరి తొందర తొందరగా తీస్తున్నాడు.

అత్త దీపం దగ్గర పెట్టి చూసింది. "డొక్కలు ఎగరేస్తున్నాడే" అంది. ఆమె గొంతు మారిపోయింది. లోపలికి పోయి పసుపు కొమ్ము తెచ్చింది. దాన్ని దీపం మీద కాల్చి కడుపు మీద వాత పెట్టాలని.

ఆ ఇంటి గోడ మీద, తలుపు పక్కన, సుద్దముక్కతో రాసిన మూడు అంకెలు ఉన్నాయి: 60, 50, 40. కోడలే రాసుకుంది. అంగన్వాడీలో టీకాల రోజున ఆశా అక్క చెప్పిన లెక్క అది. చదువుల కేంద్రంలో వంద దాకా అంకెలు నేర్చుకున్నాక, ఆ లెక్క మరిచిపోకుండా గోడ మీద రాసింది.

ఆ లెక్క ఏమిటి? బిడ్డ ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూడాలి.

రెండు నెలల లోపు బిడ్డ: 60 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ప్రమాదం.
రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డ: 50 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ప్రమాదం.
ఏడాది నిండి ఐదేళ్ళ లోపు బిడ్డ: 40 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ప్రమాదం.

దీన్ని న్యుమోనియా అంటారు. ఊపిరితిత్తుల్లో చీము, నీరు చేరుతుంది. గాలి సరిగా అందదు. అందుకే బిడ్డ తొందర తొందరగా ఊపిరి తీస్తాడు. ఈ జబ్బుకు తులసి చాలదు, మిరియాలు చాలవు. దీనికి డాక్టరు మందే కావాలి.

కోడలు బాబు చొక్కా పైకి ఎత్తింది. సెల్లులో గడియారం పెట్టుకుంది. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. ఒకటి, రెండు, మూడు... నిమిషం అయ్యేసరికి 56.

"అత్తా, వాత వద్దు. ఇటు రా. నువ్వు కూడా లెక్కపెట్టు."

"నాకు మీ అంకెలు ఎక్కడొచ్చు?"

"నీకు వచ్చిన లెక్కలోనే పెట్టు. నిమిషం అవగానే నేను చెప్తాను."

అత్త ఎప్పుడూ ఇరవైలలో లెక్కపెడుతుంది. పిడకలైనా, రూపాయలైనా అంతే. ఆమె బాబు పొట్ట మీద చూపు నిలిపి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. కోడలు "అయింది" అంది.

"రెండు ఇరవైలు పోయి, ఇంకా పదహారు" అంది అత్త.

"యాభై దాటకూడదు అత్తా. దాటింది. ఇది ఇంటి వైద్యానికి తగ్గేది కాదు."

అత్త పసుపు కొమ్ము కింద పెట్టింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

"నా రెండోవాడు ఇట్టాగే పోయాడే. డొక్కలు ఎగరేశాడు. వాత పెట్టించాం. వాడు ఏడ్చే ఓపిక కూడా లేక పడుకున్నాడు. తెల్లారి చూద్దాం లే అన్నారు. తెల్లారేసరికి లేడు."

ఆ కొడుకు సంగతి కోడలికి అంతదాకా తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

"పద, పోదాం. నేను వీణ్ణి ఎత్తుకుంటాను" అంది అత్త.

కోడలు 108కి ఫోను చేసింది. ఊరి పేరు, బిడ్డ వయసు, ఊపిరి లెక్క చెప్పింది. పాపను పక్కింటి వదినకు అప్పజెప్పారు. దారిలో బాబును అత్త తన గుండెకు ఆనించి నిటారుగా పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బాబును చూసింది. న్యుమోనియానే అంది. గాలి పెట్టారు. మందు మొదలుపెట్టారు. అత్త డాక్టరమ్మను ఒక్కటే అడిగింది. "అప్పట్లో వాత పెట్టకుండా తెచ్చి ఉంటే నా పిల్లాడు కూడా బతికేవాడా అమ్మా?" డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు తెచ్చారు గదా పెద్దమ్మా" అంది.

మూడో రోజుకు బాబు రొమ్ము పట్టాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఇంకా వాడాల్సిన మందు ఇచ్చారు. కోడలు దాని మీద రాసింది చదివింది. రోజుకు ఎన్ని పూటలు, ఎన్ని రోజులు, గడువు తేదీ ఎప్పుడు, అన్నీ చూసుకుంది. బాబు ఆడుకుంటున్నా మందు మధ్యలో ఆపలేదు. చెప్పినన్ని రోజులూ వేసింది.

ఊపిరి లెక్క ఎలా పెట్టాలి?

బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నిద్రలోనో, ఊరికే ఉన్నప్పుడో పెట్టాలి. చొక్కా పైకి ఎత్తి పొట్ట కనపడేలా చూడాలి. నిమిషమంతా లెక్కపెట్టాలి. అర నిమిషం పెట్టి రెట్టింపు చేస్తే తప్పు రావచ్చు.

ఒక్కరే గడియారాన్నీ, పొట్టనూ చూడటం కష్టం. ఒకరు గడియారం చూడాలి, ఒకరు లెక్కపెట్టాలి. లెక్క తప్పుతుందనుకుంటే చింతగింజలు దగ్గర పెట్టుకోండి. ప్రతి పదికీ ఒక గింజ పక్కన పెట్టండి. నిమిషం అయ్యేసరికి ఐదు గింజలు వచ్చాయంటే యాభై.

ఎక్కువ వస్తే వెంటనే ఇంకోసారి చూడండి. రెండోసారీ ఎక్కువే ఉంటే ఇక ఆగవద్దు.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గుర్తులు

లెక్క తక్కువగానే ఉన్నా, కింది వాటిలో ఒక్కటి కనపడినా ఆగకూడదు.

* ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోయి గుంట పడటం.
* పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం.
* మత్తుగా పడి ఉండటం, లేపినా లేవకపోవడం.
* ఫిట్సు రావడం.
* పెదవులు, నాలుక నీలంగా మారడం.
* ఊపిరి తీసేటప్పుడు గొంతులో గరగర శబ్దం రావడం.
* రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం రావడం, లేదా ఒళ్ళు చల్లబడటం.

జ్వరం మూడు రోజులు దాటినా, చెవి నొప్పి వచ్చినా, చెవిలో చీము కారినా బిడ్డను చూపించాలి. దగ్గు రెండు వారాలు దాటితే తప్పకుండా చూపించాలి.

జలుబు రాకుండా, పాకకుండా

జలుబును పూర్తిగా ఆపలేం. తగ్గించగలం. బిడ్డ ముక్కు తుడవడానికి కొంగు వాడవద్దు. పాత నూలు చీరను చిన్న ముక్కలు చేసి పెట్టుకోండి. ఎవరి ముక్క వారికే. వాడిన ముక్కలు వేడి నీళ్ళలో ఉడకబెట్టి ఎండలో ఆరేయండి. ముక్కు తుడిచాక, పాలిచ్చే ముందు, అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడగండి. జలుబు ఉన్న పెద్దవాళ్ళు చంటిబిడ్డను ముద్దు పెట్టుకోవద్దు.

టీకాలు తప్పవద్దు. న్యుమోనియా రాకుండా కాపాడే టీకాలు ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. న్యూమోకోకల్ టీకా ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. పెంటావాలెంట్ టీకా ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేస్తారు. తొమ్మిది నెలలకు తట్టు టీకా కూడా ఉంటుంది. టీకా కార్డు మీ దగ్గరే ఉంది. ఇప్పుడు దాన్ని మీరే చదవగలరు. ఇంటికి వెళ్ళి తీసి చూడండి. ఏ గడి ఖాళీగా ఉందో చూసి ఆశా అక్కను అడగండి.

చివరి మాట

ఆ అత్త వైద్యం పనికిరానిది కాదు. పాపకు జలుబు తగ్గించింది ఆ వైద్యమే. కోడలి లెక్క కూడా ఊరికే గోడ మీద ఉండిపోయేది కాదు. బాబును నిలబెట్టింది ఆ లెక్కే. ఇంటికి రెండూ కావాలి. పెద్దల చేతి మందు కావాలి, అది ఎక్కడ ఆగాలో చెప్పే లెక్క కావాలి.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే ఒక పని చేయండి. సుద్దముక్కతోనో, బొగ్గుతోనో తలుపు పక్కన మూడు అంకెలు రాయండి. 60, 50, 40. ఏ అంకె ఏ వయసుకో మీ అత్తకు, మీ అమ్మకు, పిల్లల నాయనకు చెప్పండి. నిద్రపోతున్న బిడ్డ పొట్ట చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. బిడ్డ బాగున్నప్పుడు ఎంత ఉంటుందో తెలిస్తే, బాగా లేనప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది.

పిల్లలంతా చల్లగా ఉండాలి.

మాట్లాడుకోండి

1. జలుబు ఎలా వస్తుంది? అరటిపండు తింటే వస్తుందా?
2. మీ ఇంట్లో జలుబుకు ఏమేం చేస్తారు? వాటిలో ఏవి మంచివి? ఏవి మానాలి?
3. తేనె ఏ వయసు పిల్లలకు పెట్టకూడదు?
4. పది నెలల పాప నిమిషానికి 54 సార్లు ఊపిరి తీస్తోంది. ఏం చేయాలి?
5. రెండేళ్ళ బాబు 32 సార్లు తీస్తున్నాడు. పాలు తాగుతున్నాడు, ఆడుతున్నాడు. ఏం చేయాలి?
6. మీ పక్కవాళ్ళ ఊపిరిని ఒక నిమిషం లెక్కపెట్టి, ఆ అంకెను పలక మీద రాయండి.